గోరంత తేడా

పిండిమిల్లు రెండో అంతస్తులో పొద్దుటి ఎండ నేల మీద పడదు, తేలుతుంది. గాల్లోని పిండి దాన్ని పట్టుకుని మధ్యలోనే ఆపేస్తుంది. ఆ తెల్లటి వెలుగులో పన్నెండు రోలర్లు రెండు వరసలుగా నిలబడి ఒకే గొంతుతో మూలుగుతుంటాయి. నేల సన్నగా వణుకుతుంటుంది. కొత్తవాళ్ళకి మొదటిరోజు కడుపులో తిప్పుతుంది. పాతవాళ్ళకి సెలవురోజు ఇంట్లో నేల కదలకపోతే ఏదో పారేసుకున్నట్టుంటుంది.

మేస్త్రి ఆ వణుకు మీద పడవలో నడిచినట్టు నడుస్తాడు. ఒక్కో రోలరు దగ్గరా ఆగి, కిందనున్న చిన్న తలుపు తెరిచి, జారిపడుతున్న పిండిని అరచేతిలో పట్టుకుంటాడు. చూపుడు వేలి మీద బొటనవేలితో దాన్ని ఒకసారి ఒత్తి జారుస్తాడు. ఈ కొసనా ఆ కొసనా పిండి ఒక్కలా ఉండాలి. తేడా ఉంటే పక్కనున్న చక్రాన్ని పావు చుట్టో, అందులో సగమో తిప్పుతాడు. చూసేవాళ్ళకి అదేం పని అనిపిస్తుంది. మిల్లు మొత్తం ఆ పావు చుట్టు మీదే నిలబడి ఉందని తెలిసినవాళ్ళు మాత్రం అతను వస్తుంటే పక్కకి తప్పుకుంటారు.

ఈమధ్య అతను పిండి పట్టుకున్నాక గోడవైపు తిరుగుతున్నాడు. ఎవరూ చూడకుండా దాన్ని కింది పెదవికి తాకించుకుంటున్నాడు.

ఆ సోమవారం అతను ఏడో రోలరు దగ్గరుండగా ఇనపమెట్ల మీద అడుగుల చప్పుడైంది. పై అంతస్తులోని జల్లెళ్ళు చూసే మనిషి దిగి వచ్చింది. నాలుగేళ్ళుగా కింద నేల ఊడ్చిన మనిషే. ఒకరోజు ఊడ్చిన పిండిని వేళ్ళతో నలిపి చూసి, పైన జల్లెడ ఎక్కడో చిరిగిందని చెప్పింది. వెతికితే నిజంగానే చిరుగు దొరికింది. జల్లెళ్ళు చూసే అతను పని మానేసి వెళ్ళిపోగానే మేనేజరు ఆమెను పైకి పంపాడు. అది జరిగి నాలుగు రోజులైంది.

ఆమెది నది అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డువాళ్ళు ఊళ్ళో అందరికంటే నల్లనివాళ్ళు. మూటలు మోసేదీ, చీపురు పట్టేదీ వాళ్ళే. మెట్లెక్కి పైకి రావడం మాత్రం ఈమెతోనే మొదలు. అందులోనూ ఆడమనిషి.

"మేస్త్రిగారూ, ఐదో నంబరు కాస్త వేడెక్కుతోందండీ. పైన జల్లెడలో పొట్టు మరీ మెత్తగా నలిగి పడుతోంది" అంది.

రోలర్ల దగ్గరున్న నలుగురూ తలలు తిప్పారు. మేస్త్రి ఐదో రోలరు దగ్గరికి వెళ్ళి, తలుపు తెరిచి, పిండి పట్టుకుని బొటనవేలితో ఒత్తాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి గోడవైపు తిరగలేదు.

"బాగానే ఉంది. నీ జల్లెడ నువ్వు చూసుకో. రోలర్ల సంగతి చూడ్డానికి ఇక్కడ మగాళ్ళున్నారు."

ఆమె సరేనని పైకి వెళ్ళిపోయింది. గంట తర్వాత కింద సంచుల మూతులు కుట్టే అతను టెస్టు గది చీటీ పట్టుకుని వచ్చాడు. అతన్ని అందరూ రేడియో అంటారు, ఆపడానికి మీట లేని రేడియో. మెట్ల మీదే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ! పిండిలో పొట్టు ఎక్కువైందట, ఐదో రోలరు చూడమన్నారు. పై అంతస్తు దేవత పలికిందే టెస్టు గదీ పలికింది! ఇక మనం గాజులు తొడుక్కోవడమే తరువాయి!"

నవ్వులు. మేస్త్రి కూడా నవ్వాడు. చక్రం తిప్పుతుంటే మెడ వెనక చెమట పట్టి, పిండి జిగురై అంటుకుంది.

సాయంత్రం అయిదింటికి మెషీన్లు ఆగాక తువ్వాళ్ళు భుజాన వేసుకుని అందరూ స్నానాల గదివైపు నడుస్తున్నారు. మేనేజరు ఎదురొచ్చాడు. మేస్త్రి కంటే పదేళ్ళు చిన్నవాడు, మెత్తటి మనిషి.

"మేస్త్రీ, ఒక మాట. ఈ గది పెద్దదే కదా. మధ్యలో చెక్కలు అడ్డంపెట్టి ఒక పక్క ఆవిడకి ఇచ్చేద్దామా? నాలుగు రోజుల్నుంచి ఒంటినిండా పిండితోనే ఇంటికెళ్తోంది పాపం. మీరు సరేనంటే ఇక ఎవరూ నోరెత్తరు."

ఆమె అక్కడే నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది, సంతకం కోసం రిజిస్టరు పట్టుకుని. రేడియో నోరు అప్పటికే సగం తెరుచుకుని ఉంది. మేస్త్రి ఆ నోటివైపు చూశాడు.

"అది మగాళ్ళ చోటండీ. ఇవాళ సగం అంటారు, రేపు మొత్తం అంటారు. అంత ఇబ్బందైతే కిందికెళ్ళి మళ్ళీ చీపురే పట్టుకోమనండి."

అందరూ గట్టిగా నవ్వారు. ఆ నవ్వు అతనికి ఒంటిమీద వేణ్ణీళ్ళు పోసినట్టు తగిలింది. పొద్దుటి నుంచి మెడ వెనక ఉన్న బిగువు వదిలింది. మేనేజరు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

ఆమె ముందుకొచ్చి రిజిస్టరు తెరిచి పట్టుకుంది. రోజూ ఏ రోలరు ఎంత తిప్పారో రాసి, కింద మేస్త్రి సంతకం పెట్టాలి. పెడుతుంటే పెన్ను అతని వేళ్ళ మధ్య నుంచి జారి పడిపోయింది. ఆమె వంగి తీసి ఇచ్చింది. 

స్నానాల గదిలో అందరూ వెళ్ళాక కూడా అతను కాసేపు అద్దం ముందు నిలబడ్డాడు. అది రోజూ ఉన్నదే. అద్దంలో కనుబొమ్మలతో సహా తెల్లటి మనిషి. ఆ మనిషితో యజమాని చేయి కలుపుతాడు, వచ్చిన అతిథులకి 'మా మేస్త్రి' అని చూపిస్తాడు. నీళ్ళు పోసుకుంటే కింద నుంచి ఇంకో మనిషి బయటికొస్తాడు. వాణ్ణి అదే యజమాని ఇంటి వాచ్‌మన్ ఒకసారి 'పనివాళ్ళు వెనక నుంచి రండి' అన్నాడు. అవతలి ఒడ్డు రంగుకీ తన రంగుకీ ఉన్న తేడా గోరంత. ఆ గోరంత తేడా మీదే అతను కొండంత ఇల్లు కట్టుకుని కూర్చున్నాడు.

*

మర్నాడు పొద్దున్న వంటింట్లో పాలు పొంగుతుంటే అతనే వెళ్ళి గిన్నె దించాడు. దించి, పట్టుకునే నిలబడ్డాడు. కిటికీ బయట ఎవరిదో తెల్లటి దుప్పటి తీగ మీద ఊగుతోంది. దాన్ని చూస్తుంటే ఏదో ఒక మెత్తటి చోట తేలుతున్నట్టుంది.

"ఏవండీ! వదలండి, వదిలెయ్యండి!"

భార్య అరుపు ఎక్కడో దూరం నుంచి వచ్చింది. ఆమె అతని చేతిలోంచి గిన్నెను గుడ్డతో లాక్కుని గట్టు మీద పెట్టింది. అతను చేతివైపు చూసుకున్నాడు. బొటనవేలి కొస తెల్లగా ఉబ్బి ఉంది. మాడిన వాసన వస్తోంది.

"ఇంట్లో మసిగుడ్డ ఒక్కటైనా ఏడిస్తేగా" అన్నాడు.

"గుడ్డ మీ కళ్ళ ముందే ఉంది." ఆమె అతని చేతిని చన్నీళ్ళ చెంబులో ముంచింది. "మంటగా లేదా?"

"మగాడికి మంటేంటి?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి ఆమె. కుట్టు ఎక్కడ తప్పిందో చూసేటప్పుడు బట్టను వెలుగుకి ఎత్తి ఇలాగే చూస్తుంది. అంతలో గుమ్మంలో ఎవరో పిలిస్తే కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది.

అతను కుట్టుమెషీను పక్కన కూర్చున్నాడు. అక్కడ ముక్కల బుట్ట ఉంది. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి ఒక ముక్క తీశాడు. బొటనవేలితో రుద్ది చూశాడు. పట్టు అనుకున్నాడు. కళ్ళు తెరిస్తే ముతక నూలు. మళ్ళీ మూసుకున్నాడు. ఈసారి నూలు అనుకున్నాడు. అది ఉన్ని. మూడోసారి వేళ్ళ మధ్య ఏదీ ఉన్నట్టే అనిపించలేదు. ముక్క తీశాననుకున్నాడు గానీ తియ్యనేలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, మెడలో కొలత టేపుతో.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఎన్నాళ్ళేంటి?"

"అదే, ఎన్నాళ్ళ నుంచి అంటున్నా."

"నీ సూదీ దారం నువ్వు చూసుకో. నా సంగతి నీకెందుకు?" బుట్టను కాలితో నెట్టి లేచాడు. ముక్కలు చెల్లాచెదురయ్యాయి. అతను చెప్పులేసుకుంటుంటే ఆమె నేల మీద కూర్చుని, రంగు రంగునీ విడివిడిగా ఏరుతోంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

*

బుధవారం సాయంత్రం వాన పట్టుకుంది.

మేస్త్రి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు వేసుకుని బయల్దేరాడు. వీధి బూడిదరంగులో కరిగిపోతున్నట్టుంది. దుకాణాల ముందు రేకుల చూరుల కింద జనం వరసగా నిలబడి ఉన్నారు. రోడ్డుకి అవతలిపక్క ఆమె నడుస్తోంది.

మొదట ఒక తెల్లటి ఆకారంలా కనిపించింది. జుట్టు, చేతులు, భుజాలు అన్నీ పిండే. వాన చుక్కలు పడ్డచోట మచ్చలు మచ్చలుగా లోపలి మనిషి తెలుస్తోంది. ఆమె ఒక దుకాణం చూరు కిందికి వెళ్ళబోయింది. దుకాణదారు చెయ్యి అడ్డంపెట్టాడు.

"అమ్మా తల్లీ, ఇటు కాదు, ఇటు కాదు. పిండంతా కారి నా మెట్లన్నీ బంకైపోతాయి. అటు వెళ్ళు."

"దొరసానికి మేకప్పు కారిపోతోంది పాపం!" అన్నారెవరో. నలుగురు నవ్వారు. ఆ నవ్వు మేస్త్రికి బాగా తెలిసిన నవ్వే. మొన్న స్నానాల గది ముందు విన్నదే. కాకపోతే ఇప్పుడు రోడ్డు ఇవతల నిలబడి విన్నాడు.

ఆమె ఎవరివైపూ చూడలేదు. చూరు కింద నుంచి వెనక్కి జరిగి, రోడ్డు మధ్యకి వచ్చి నిలబడింది. నిలబడి, ముఖం పైకెత్తింది. తప్పించుకోలేని వాన కాబట్టి వాడుకుందామన్నట్టు చేతులు చాపి, అటూ ఇటూ తిప్పింది. తెల్లటి ధారలు మోచేతుల నుంచి కారాయి. జుట్టులో ముద్ద కట్టిన పిండిని వేళ్ళతో లాగి, తీరిగ్గా ఉండ చేసి, కాలవలోకి విసిరింది. ఇంకో ఉండ. ఇంకోటి. ఎవరి పెరట్లోనో ఒంటరిగా తలంటుకుంటున్నంత నిమ్మళంగా ఉంది ఆమె. వానలో అంతా మసకగా ఉంది. ఆమె ఒక్కతే క్షణక్షణానికీ స్పష్టమవుతోంది.

మేస్త్రి చేతిలో గొడుగు ఉంది. రోడ్డు దాటితే పది అడుగులు. పది అడుగులూ మనసులో ఎన్నోసార్లు నడిచాడు. ఎదురుగా చూరు కింద మిల్లువాళ్ళు ఇద్దరు ఉన్నారు. కాళ్ళు కదల్లేదు.

ఆమె చివరి ఉండ విసిరేసి, కొంగు పిండుకుని వంతెనవైపు వెళ్ళిపోయింది. అతను ఇంటికి వెళ్ళేసరికి గొడుగు మడిచి చేతిలో ఉంది, ఒళ్ళంతా తడిసి ఉంది. ఎప్పుడు మడిచాడో గుర్తులేదు.

*

గురువారం ఒకటో రోలరు, రెండో రోలరు కొత్తగా సాన పట్టించుకుని వచ్చాయి. సాన పట్టిన రోలరు అలిగిన కొత్తల్లుడు లాంటిది. ఎంత తిప్పితే ఎలా ఉంటుందో దాని మనసులో మాట చేత్తోనే కనుక్కోవాలి. మర్నాడు యజమాని వస్తాడు. సాయంత్రానికల్లా పిండి సరిగ్గా పడాలన్నాడు మేనేజరు.

పొద్దుటి నుంచి మేస్త్రి తిప్పుతూనే ఉన్నాడు. బొటనవేలికి బొబ్బ ఒకటి. పెదవికి తాకించుకుంటే ఎంత సన్నమో కాస్త తెలుస్తోంది గానీ, ఈ కొసకీ ఆ కొసకీ తేడా తెలియడం లేదు. పెదవి నోటికి చెందింది, పనికి కాదు. చెవి ఆనించి విన్నాడు. ఇరవై రెండేళ్ళుగా వింటున్న మూలుగులో కొత్త గొంతుని విడిగా పట్టుకోలేకపోయాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి దిగారు. తాను తర్వాత వస్తానన్నాడు. ఖాళీ అంతస్తులో వెలుగు పాలలా నిలిచిపోయి ఉంది. రోలరు చక్రం పట్టుకుని నిలబడితే తనే ఆ వెలుగులో కరిగిపోతున్నట్టు, చేతుల దగ్గర్నుంచి మొదలైనట్టు అనిపించింది.

"ఎడమ కొస బిగువుగా ఉందండీ. పావులో సగం వదలండి."

ఆమె రెండడుగుల దూరంలో ఉంది. మెట్ల చప్పుడు వినిపించలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది.

"ఎవరికి చెప్తున్నావ్?"

"మీకే. ఇంకెవరికీ చెప్పలేదు."

"ఏంటి చెప్పలేదు?"

"మీ కింది పెదవి మీద పిండి ఉంటోందండీ. రోజూ. మా అమ్మ తిరగలి విసిరేది. వేళ్ళు మొద్దుబారాక ఆవిడా పెదవితోనే చూసేది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా వేళ్ళతో చూసేది."

మేస్త్రికి నేల వణుకు ఆగిపోయినట్టనిపించింది. పరాయివాళ్ళ ముందు బట్టలు జారిపోయిన మనిషిలా చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు. "స్నానాల గదేగా? సరే. రేపే చెక్కలు కొట్టిస్తాను. నోరు మూసుకుని ఉండు. చాలా?"

ఆమె ముఖంలో మొదటిసారి కోపం కనిపించింది. గొంతు మాత్రం పెంచలేదు.

"చాలదండీ. అది వేరు, ఇది వేరు. కడుక్కోడానికి చోటు నేను పనిచేస్తున్నందుకు ఇవ్వాలి, మీ గుట్టు దాచినందుకు కాదు. అలా ఇస్తే నాకొద్దు. వాన పడ్డప్పుడు పడుతుంది." ఎడమ చక్రాన్ని పట్టుకుంది. "ఇది మాత్రం ఇప్పుడే వదలాలి. ఇంకో గంటైతే రోలరు కాలిపోతుంది. మీ మీద కోపంతో దాన్ని కాల్చుకోలేను కదా."

అతను వద్దనలేదు. ఆమె తిప్పింది. తలుపు తెరిచి రెండు కొసల పిండినీ రెండు అరచేతుల్లోకి తీసుకుంది. రెండు బొటనవేళ్ళూ ఒకేసారి కదిలాయి. ఇంకొంచెం తిప్పింది. మళ్ళీ చూసింది. మూడోసారి ఆమె తల చిన్నగా, తనకి తనే సరే అనుకున్నట్టు ఊపింది. ఆ ఊపు అతనికి తెలుసు. ఇన్నేళ్ళుగా పిండి సరిగ్గా పడ్డప్పుడల్లా తన తల అలాగే ఊగేది. దాన్ని బయట నుంచి ఎప్పుడూ చూడలేదు.

రోలరు గొంతు మారింది. మిగతావాటితో కలిసిపోయింది. పక్కదాన్నీ ఆమె అలాగే సరిచేసింది.

కింద నుంచి మాటలు వినిపించాయి. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. సాయంత్రం మేనేజరు వచ్చి పిండి చూసి, "అదీ మేస్త్రి చెయ్యంటే!" అని భుజం తట్టాడు. అందరూ చూస్తున్నారు. మేస్త్రి నవ్వాడు. రిజిస్టరులో ఆమె చేసిన పని కింద తన సంతకం పెట్టాడు. పెడుతుంటే దొంగసొమ్ము చేతిలో పడ్డట్టు వేళ్ళు వెచ్చగా అయ్యాయి. అవే మొద్దుబారిన వేళ్ళు.

*

శుక్రవారం పొద్దున్నే అతను మేనేజరు గదికి వెళ్ళాడు. ఇంకా పని మొదలుకాలేదు. ఒంటిమీద పిండి లేదు. పిండి లేకుండా ఆ గదిలోకి వెళ్ళడం అతనికి అలవాటు లేదు.

"నా బొటనవేలు పోయిందండీ" అన్నాడు.

మేనేజరు కంగారుగా చేతివైపు చూశాడు.

"ఉంది. స్పర్శ పోయింది. ఏడెనిమిది నెలలైంది. నిన్న ఆ రోలర్లు సరిచేసింది నేను కాదు, పైనున్నామె."

మేనేజరు తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి. ఎందుకు గొడవ? ఆవిడ పని చేస్తుంది, మీరు సంతకం పెట్టండి. మీరు మేస్త్రిగానే ఉంటారు. మధ్యాహ్నం యజమాని వస్తున్నారు. ఏం చెప్పమంటారు? అవతలి ఒడ్డు ఆడమనిషి చేతిలో మిల్లు పెట్టానని చెప్పనా? నా మీద నమ్మకం ఉంచండి, అందరికీ మంచిది."

అతను బయటికొచ్చాడు. అందరికీ మంచిదే. తనకి మరీ మంచిది. ఇంకో ఏడెనిమిదేళ్ళు అలాగే గడిచిపోతాయి. అందరూ పక్కకి తప్పుకుంటారు. అద్దంలో తెల్లటి మనిషి ఉంటాడు. రోజూ మధ్యాహ్నం ఒక ఆడమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా మెట్లు దిగుతుంది.

ఆ దిగడమే అతన్ని పట్టుకుంది. రోజంతా రోలర్ల మధ్య తిరుగుతున్నా కళ్ళ ముందు ఆ పాదాలే. తప్పు చేసింది తను, చప్పుడు కాకుండా నడిచింది ఆమె.

యజమాని వచ్చాడు, పిండి చూశాడు, మేస్త్రితో చేయి కలిపాడు, వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆమె రిజిస్టరు తెచ్చి తెరిచి పట్టుకుంది. అందరూ తువ్వాళ్ళు తీసుకుంటున్నారు. రేడియో అప్పుడే పైకొచ్చి ఎవరితోనో వాగుతున్నాడు.

మేస్త్రి పెన్ను తీసుకున్నాడు. తీసుకుని, తిప్పి, ఆమె వైపు చాపాడు.

"మీరే పెట్టండి" అన్నాడు.

ఆమె కదల్లేదు.

"నిన్నటి పని మీది. ఇవాళ పిండి సరిగ్గా పడిందీ మీరు తిప్పినందుకే. నా చెయ్యి పనిచెయ్యడం మానేసి ఏడెనిమిది నెలలైంది. మీకు తెలుసు. వీళ్ళకి తెలియదు, అంతే."

మామూలు గొంతుతోనే అన్నాడు గానీ రేడియో ఆగిపోయాడు. మిల్లు మొత్తంలో అతని నోరు మూతపడ్డం అదే మొదటిసారి. ఆమె పెన్ను తీసుకుని, రిజిస్టరు రోలరు మీద పెట్టి, నిదానంగా సంతకం చేసింది. చేశాక సిరా ఆరేదాకా ఊదింది.

"ఏంటి మేస్త్రీ ఇది?" అన్నాడు రేడియో చివరికి. "ఆడదానికి 'మీరు' అంటున్నావు, పెన్నిస్తున్నావు! మీసం కూడా తీసి ఇచ్చెయ్యకపోయావా?"

"అడగలేదు. అడిగితే చూద్దాం" అన్నాడు మేస్త్రి.

ఎవరూ నవ్వలేదు. నూనె తాత మాత్రం కిసుక్కుమన్నాడు. మెషీన్లకి నూనె పోసే ముసలాయన, పళ్ళు లేని నోరు. వెంటనే దగ్గులోకి మార్చేశాడు.

మేనేజరుకి విషయం అరగంటలో తెలిసింది. ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "సరే, మీ ఇష్టం. సోమవారం నుంచి ఆవిడ ఇక్కడ, మీరు పైన జల్లెళ్ళ దగ్గర. కానీ మేస్త్రి అన్న పోస్టు ఆవిడకివ్వను. ఖాళీగా ఉంచుతాను."

"ఖాళీగా ఉంచుకోండి. సంతకం మాత్రం ఆమెదే ఉంటుంది" అన్నాడు అతను.

*

శనివారం మధ్యాహ్నం అతను కింద స్టోరులోంచి చెక్కలు మోసుకొచ్చాడు. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. నూనె తాత మేకులు అందించాడు. స్నానాల గది మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా చెక్కల గోడ లేచింది. ఆ పక్కకి వేరే తలుపు ఉంది. ఎప్పటి నుంచో మూసేసి, చీపుర్లు అడ్డం పెట్టిన తలుపు. చీపుర్లు తీసి, తుప్పు వదిలించి తెరిచారు.

సాయంత్రం మెషీన్లు ఆగాయి. ఆమె తువ్వాలు పట్టుకుని ఆ తలుపు దగ్గరికి వచ్చి, చెక్కల గోడని అరచేత్తో ఒకసారి నెట్టి చూసింది, ఊగుతుందేమోనని. ఊగలేదు. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

మగాళ్ళందరూ ఇవతలి తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఎవరూ లోపలికి వెళ్ళడం లేదు.

"మేము రాం" అన్నాడు రేడియో. "అవతలి ఒడ్డు ఆడది పోసుకున్న గదిలో మేం పోసుకోం. మగాళ్ళం కదా, మాకో పరువుంది."

"మధ్యలో గోడ ఉంది కదరా" అన్నాడు మేస్త్రి.

"నీళ్ళకి గోడేంటి? తూము ఒకటే కదా!"

మిగతావాళ్ళు తలలూపారు. కొందరు నిజంగా, కొందరు పక్కవాడు ఊపాడని. ఒకరి తర్వాత ఒకరు తువ్వాళ్ళు మెళ్ళో వేసుకుని, పిండి పిండిగానే గేటువైపు నడిచారు. పదిహేను మంది తెల్లటి మగాళ్ళు, సాయంత్రం ఎండలో, కనుబొమ్మల దాకా పిండితో, పరువు కాపాడుకుంటూ వరసగా వీధిలోకి వెళ్ళడం మేస్త్రి చూశాడు. ఎండ వెనక నుంచి పడి, వాళ్ళ చుట్టూ సన్నటి పొగలా పిండి లేస్తోంది. వీధిలో ఎవరో పకపకా నవ్వడం వినిపించింది.

అతను లోపలికి వెళ్ళాడు. ఒక్కడే. గోడ అవతల నీళ్ళ చప్పుడు. తలమీద పోసుకుంటే ఒకలా, భుజాల మీదైతే ఇంకోలా మారుతున్న చప్పుడు. అది వినకూడదనుకుని తన కుళాయి గట్టిగా తిప్పాడు. కాసేపటికి తలుపు చప్పుడైంది. నూనె తాత వచ్చి పక్కన నిలబడి, చొక్కా విప్పుతున్నాడు.

"మీకు పరువు లేదా తాతా?" అన్నాడు మేస్త్రి.

"ఈ నూనె చేతుల్తో ఇంటికెళ్తే మా ముసల్ది గుమ్మం ఎక్కనివ్వదు. ముందు అది, తర్వాత పరువు" అన్నాడు తాత, సబ్బు అందుకుంటూ. "సోమవారానికల్లా వస్తార్లే అందరూ. దురద పెట్టదూ?"

గోడ అవతల నుంచి చిన్న నవ్వు వినిపించింది. వెంటనే నీళ్ళు పోసుకున్న చప్పుడులో కలిసిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కుట్టుమెషీను ముందు ఉంది. బట్టను సూది కింద నుంచి జరుపుతూనే తలెత్తి చూసింది. అతను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు, వరసలో కాదు, ముందుది వెనకా వెనకది ముందూ. వానలో గొడుగు సంగతి చెప్పేటప్పుడు ఆగి, మళ్ళీ చెప్పాడు. మెషీను ఎక్కడ ఆగిందో అతను గమనించలేదు.

"ఎలా ఉంటుంది ఆవిడ?" అంది భార్య.

అతను నోరు తెరిచాడు. మాట నాలుక కొస దాకా వచ్చింది. అవతలి ఒడ్డువాళ్ళ గురించి ఎవరడిగినా ఇన్నేళ్ళూ మొట్టమొదట నోట్లోంచి వచ్చే రంగు మాటే. అక్కడే ఆగింది. కాసేపు వెతుక్కున్నాడు.

"ఆమె చెయ్యి మంచిది" అన్నాడు. "పిండి ఆమె మాట వింటుంది."

"మీ మాట?"

"నా మాట ఇంక వినదు."

అని ఆ మాటను తనే విన్నాడు. ముఖం తిప్పుకోవడానికి అక్కడ గోడ లేదు, ఆమె ఉంది. ఆమె బట్టను మెషీను మీద నుంచి తీసి పక్కన పెట్టి, జరిగి, బల్ల మీద అతనికి చోటిచ్చింది.